తూచని రూపాయి

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది వానాకాలంలో పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సేకరణ బాధ్యతను నాకు అప్పగించారు. నేను పనిచేసింది హైదరాబాద్‌లోని ఒక నాణేల వేలం సంస్థలో. అప్పటికి నా హోదా సీనియర్ కేటలాగర్. అమ్మకానికి వచ్చిన ప్రతి నాణేన్నీ తూచి, కొలిచి, దాని మీది అక్షరాలు చదివి, ఏ టంకశాలలో ఎప్పుడు కొట్టారో తేల్చి, వేలం పుస్తకంలో నాలుగైదు పంక్తులు రాయడం నా పని. కొనేవాళ్లలో చాలామంది ఊరుగాని ఊళ్లో కూర్చుని ఆ పంక్తులను నమ్మే పాట పాడతారు. కాబట్టి ప్రతి వివరణ కిందా రాసినవాళ్ల పొడి అక్షరాలు ఉంటాయి. తప్పు దొర్లితే ఎవరిని పట్టుకోవాలో వెతుక్కోనక్కర్లేదు.

నాది మోత్కూర్. మా నాయిన మగ్గం నేసేవాడు. ఆ రెండు జిల్లాల మాట, మర్యాద తెలిసినదాన్నని నన్ను అక్కడ వేశారు. నాతోపాటు ఒక రిజిస్టరు కూడా ఇచ్చారు. వేలం సంస్థకు నాణేలు ఆకాశం నుంచి ఊడిపడవు, ఎవరో ఒకరు అమ్మాలి. ఎవరు ఎప్పుడు అమ్ముతారో ముందే పసిగట్టాలని మా విభాగాధిపతి ఆలోచన. అందుకని ప్రతి సేకరణదారు పేరుకు ఎదురుగా ఏ నాణెం ఎప్పుడు కొన్నాడు, ఎన్నేళ్లుగా ఉంచుకున్నాడు అని రాయాలి. ఆ గడికి ‘ఉంచుకున్న కాలం’ అని పేరు. వ్యాపారానికి కొన్నవాడు ఏడాది రెండేళ్లలో అమ్మేస్తాడు. సరదాకు మొదలుపెట్టినవాడు నాలుగైదేళ్లకు విసిగి అమ్మేస్తాడు. పదేళ్లు దాటించినవాడు మాత్రం తన చేత్తో అమ్మడు, అతని తర్వాత ఇంట్లోవాళ్లు అమ్ముతారు. మేం అనుకునే లెక్క ఇది. ఈ లెక్క మీద నాకు గట్టి నమ్మకం ఉండేది.

మక్తల్‌లో కిష్టయ్య సారు అని రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఉండేవాడు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి చదువుకున్న మనిషి. పాత సంస్థానాల నాణేల్లో ఆయన సేకరణ ఆ చుట్టుపక్కల పేరు మోసింది. వనపర్తి, గద్వాల రూపాయలు ఆయన దగ్గర చాలానే ఉన్నాయి గానీ అసలు పేరు తెచ్చింది మాత్రం ఒక్క నారాయణపేట రూపాయి. ఆ రోజుల్లో వెండి బిళ్లను అచ్చు మీద పెట్టి సమ్మెటతో కొట్టేవాళ్లు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందువల్ల అక్షరాల్లో సగం బిళ్ల బయటే ఉండిపోయేవి. టంకశాల పేరూ, సంవత్సరమూ రెండూ పూర్తిగా పడ్డ నాణెం దొరకడం గగనం. కిష్టయ్య సారు రూపాయి మీద రెండూ పడ్డాయి. నారాయణపేటలో ఒక వెండి దుకాణాదారు కరగబెట్టబోతుంటే నలభై ఏళ్ల కిందట అడ్డుపడి కొన్నానని ఆయన చెప్పేవాడు. కొన్న చీటీ కూడా దాచాడు. అది ముఖ్యం. భూమిలో దొరికిన నాణెం సర్కారుది, అలాంటివి మేం ముట్టుకోం.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన నన్ను బాగా చూసుకున్నాడు. అరుగు మీద ఆయన తమ్ముడు బీరప్ప గొంగడి వేసుకుని కూర్చున్నాడు. నేను ఏ నాణెం తీసినా అతను మెడ చాపి చూసేవాడు. సారు నాణేలన్నీ ఒక్కొక్కటిగా నా చేతికిచ్చి తూచనిచ్చాడు. నారాయణపేట రూపాయి మాత్రం చెక్క చట్రంలో, అద్దం వెనక ఉంది. దాన్ని తీయమని అడిగాను.

“అద్దంలకెల్లి కనపడ్తలేదా బిడ్డా? చేతి చెమట తాకితె వెండి నల్లబడ్తది. నలభై ఏండ్ల సంది గట్లనే కాపాడుకుంటొస్తున్న” అన్నాడు.

నా చిన్న తక్కెడ నా ముందే ఉంది. నియమం ప్రకారం తూచని నాణేన్ని పుస్తకంలో ఎక్కించకూడదు. కానీ పెద్దాయన, మాస్టారు. బిడ్డా అని పిలుస్తున్నాడు. చట్రం విప్పమని పట్టుబడితే ఆయన మాట మీద నమ్మకం లేదన్నట్టు ఉంటుందనిపించింది. ఆయనే ఒక ఫొటో ఇచ్చాడు. మహబూబ్‌నగర్‌లో స్టూడియో పెట్టుకున్న స్నేహితుడు రామచంద్రం చాలా ఏళ్ల కిందట తీసిన పెద్ద ఫొటో, అక్షరం అక్షరం స్పష్టంగా ఉంది. ఆ ఫొటోనే తీసుకున్నాను. బరువు దగ్గర, ఆ రకం రూపాయి మామూలుగా ఎంత తూగుతుందో ఆ అంకె రాశాను. పదకొండు గ్రాముల పైన కొద్దిగా. కింద నా పొడి అక్షరాలు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను తూచకుండా బరువు రాసింది ఆ ఒక్క నాణేనికే.

అప్పగింత పత్రం మీద ఆయన సంతకం కూడా పెట్టాడు. అంటే అమ్మకానికి ఒప్పుకున్నట్టు. నాణేలు వేలానికి వారం ముందు పంపుతానన్నాడు, మేం సరేనన్నాం. వేలం పుస్తకం అట్ట మీద ఆ రూపాయి బొమ్మే వేశాం. దేశం నలుమూలల నుంచి ఫోన్లు వచ్చాయి. వారం ముందు కిష్టయ్య సారు ఫోను చేసి, అమ్మడం లేదన్నాడు. కారణం అడిగితే, “మనసొప్పుతలేదు బిడ్డా” అని పెట్టేశాడు.

అట్ట మీది నాణేన్ని వేలం నుంచి తీసేయడమంటే పెళ్లిపందిట్లో పెళ్లికొడుకు లేడని చెప్పడం లాంటిది. విభాగాధిపతి నాకు మెమో ఇచ్చాడు. రిజిస్టరులో ‘ఉంచుకున్న కాలం: నలభై ఏళ్ల పైన, అమ్మే సూచన లేదు’ అని రాసి నేను ఆ పేరు మూసేశాను. కానీ ఆయన దాన్ని మూసి ఉండనివ్వలేదు.

ఆరు నెలలకు ఆయనే కార్డు రాశాడు, వచ్చి పొమ్మని. వెళ్లాను. వనపర్తి రూపాయల్లో ఇంకా రెండు సంవత్సరాలవి దొరికితే వరుస పూర్తవుతుంది, అప్పుడు మొత్తం ఒకేసారి ఇస్తానన్నాడు. ఆ రెండూ నేనే వెతికి, మా దగ్గరికి వచ్చిన మరో సేకరణలో పట్టుకుని కబురు పెట్టాను. కొన్నాడు. వరుస పూర్తయింది. ఈసారి, దసరా పోనీ అన్నాడు. దసరా పోయింది. సంక్రమణం అన్నాడు. అది కూడా పోయింది. ఆ తర్వాతి ఏడు, నారాయణపేట రూపాయి తప్ప అన్నీ ఇస్తానన్నాడు. మా విభాగాధిపతి, ఆ రూపాయి లేకపోతే మిగతావి ఎవరికి కావాలన్నాడు. ఈ మాట ఆయనకు చెప్పాను. “అయితె ఇద్దరం ఆగుదాం తియ్యి” అన్నాడు, ఆగడం నాకు కూడా సరదా అయినట్టు.

ప్రతిసారీ హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్, అక్కడ బస్సు మారి మక్తల్. ఎండాకాలం ఆ దారిలో బస్సు కిటికీ తెరిస్తే వడగాలి, మూస్తే ఉక్క. దిగి ఆయనింటికి నడిచేసరికి నాలుక పిడచకట్టేది. అరుగు మీద బీరప్ప మామూలుగానే కూర్చుని ఉండేవాడు. లోపల కిష్టయ్య సారు చాయ్ పోయించి, తన పిల్లల చదువులు, తను గెలిచిన ప్రదర్శనల కప్పులు, వానలు, గొర్ల ధరలు అన్నీ మాట్లాడేవాడు. నాణెం సంగతి ఎత్తగానే అరుగు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, “మల్ల మాట్లాడుదాం” అనేవాడు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర ఆయనను తిట్టుకునేదాన్ని. రెండు జిల్లాల్లో పాతికమందికి పైగా సేకరణదారులను చూశాను. వాళ్లందరూ కలిసి పెట్టిన తిప్పలు ఒక ఎత్తు, ఈయన ఒక్కడు పెట్టినవి ఒక ఎత్తు.

కరోనా వచ్చి రెండేళ్లు వేలాలు కంప్యూటర్ తెర మీదికి పోయాయి. బయట తిరగడం తగ్గింది. నిజం చెప్పాలంటే మక్తల్ పోనక్కర్లేదని నాకు హాయిగానే ఉండింది.

నా ఉద్యోగ విరమణకు నాలుగు నెలలుందనగా మహబూబ్‌నగర్ నుంచి సుగుణమ్మ అనే ఆవిడ ఫోను చేసింది. ఫొటో స్టూడియో రామచంద్రం భార్య. భర్త పోయి ఏడాది దాటిందట. ఆయన వస్తువుల్లో ఒక పాత వెండి రూపాయి దొరికింది, చూసి పొమ్మంది. వెళ్లాను. స్టూడియో ముందుగది ఇప్పుడు కుట్టుపని నేర్పే గది. ఆరు మిషన్లు నడుస్తున్నాయి. సుగుణమ్మకు యాభై అయిదు ఉంటాయేమో, మెడలో కొలత టేపు వేసుకుని ఉంది. ఆమెకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొనాలని కోరిక. రూపాయి నిజంగా ధర పలికేదైతే ఆ పని అవుతుందని దాపరికం లేకుండా చెప్పింది.

ఫిలిం రోలు వచ్చే పాత డబ్బా మూత తీసి, దూదిలోంచి నాణెం నా చేతిలో పెట్టింది. చూడగానే గుర్తుపట్టాను. నారాయణపేట రూపాయి. టంకశాల పేరు పూర్తిగా ఉంది, సంవత్సరం ఉంది. అంచు దగ్గర నెలవంక ఆకారంలో షరాబు గుర్తు ఉంది. వెండి నిజమా కాదా అని చూడటానికి షరాబులు చిన్న ఉలితో కొట్టే గాటు అది. దాని పక్కనే సన్నటి గీత. మా పుస్తకం అట్ట మీద నేను అచ్చు వేయించిన నాణెం మీదా అక్కడే నెలవంక, అక్కడే గీత. సమ్మెటతో కొట్టిన రెండు నాణేలు ఎప్పుడూ అచ్చంగా ఒకలా ఉండవు. గాటు, గీత కూడా ఒకేచోట ఉన్నాయంటే ఆ రెండిట్లో ఒకటి మరొకదాని నుంచి పోత పోసిన నకలు.

“ఇది నకలు అక్కా” అన్నాను. “అసలు నాణెం మక్తల్‌ల ఒక సారు దగ్గరున్నది. నేను సూసిన.”

కుట్టుమిషన్లు ఒకటొకటిగా ఆగాయి. సుగుణమ్మ మొహం మీద ముందు అవమానం కనిపించింది, తర్వాత కోపం.

“మా ఆయన దొంగ సొమ్ము, నకలు సొమ్ము ఇంట్ల పెట్టే మనిషి కాదు మేడం. తక్కెడ తెచ్చుకున్నరు గదా. తూచకుండనే ఎట్ల చెప్పిన్రు?”

తక్కెడ తీసి బల్ల మీద పెట్టి, సున్నాకు తెచ్చి, నాణెం ఉంచాను. పదకొండు గ్రాముల పైన చిల్లర. భూతద్దం పెట్టాను. అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి. పోత నాణెం మీద గాలి బుడగల గుంటలు ఉంటాయి, చుట్టూ ఆకురాయి గీతలు ఉంటాయి. ఒక్కటి కూడా లేదు. మూడుసార్లు తూచాను, ప్రతిసారీ అదే బరువు. ఇది అసలు. అయితే మక్తల్‌లో అద్దం వెనక ఉన్నదేమిటి? నేను దాన్ని చేత్తో ముట్టుకోలేదు. నేను అచ్చు వేసిన ఫొటో తీసింది ఈ ఇంటి యజమానే.

సుగుణమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ, “చాయ్ తాగుతరా?” అని మాత్రం అంది. అంతకంటే నాలుగు మాటలు అన్నా నాకు తేలికగా ఉండేది.

అక్కడి నుంచే కిష్టయ్య సారుకు ఫోను చేశాను. సంగతి చెప్పి, మీ రూపాయి ఎప్పుడైనా చేతులు మారిందా అని అడిగాను. “నా దగ్గరున్నదే అసల్ది బిడ్డా. గాళ్ల దగ్గరికి ఎట్లొచ్చిందో నాకేం ఎరుక?” అన్నాడు.

ఫోను స్పీకరులో ఉంది. సుగుణమ్మ విన్నది. ఆ మాటకు అర్థం ఏమిటో ఆమెకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మా పుస్తకంలో ఆ రూపాయి కిష్టయ్య సారు సేకరణలోదని అచ్చయి ఉంది. ఇప్పుడు అదే నాణెం ఆమె అమ్మకానికి పెడితే, కొనేవాళ్లు నకలు అనుకుంటారు, లేకపోతే దొంగసొత్తు అనుకుంటారు. కిష్టయ్య సారు, ఈ నాణేన్ని నేను ఫలానా ఆయనకు అమ్మాను అని రాసిస్తే తప్ప ఆ రూపాయి ఎవరూ కొనరు. పోయిన మనిషి పేరు కూడా చెడుతుంది.

మా విభాగాధిపతికి చెప్పాను. ఆయన తేలిగ్గా, ఆ నాణెం మనకొద్దని ఆమెకు చెప్పేయండి, తగాదా మనకెందుకు అన్నాడు. నాలుగు నెలలు కళ్లు మూసుకుంటే నేను ఇంటికి పోతాను. కానీ అట్ట మీది నాణెం బరువు కింద నా పొడి అక్షరాలు ఉన్నాయి. ఈమెను దొంగను చేసే కాగితం నేను రాసిందే. సెలవు పెట్టి మళ్లీ మహబూబ్‌నగర్ వెళ్లాను. సుగుణమ్మ అప్పటికే తయారుగా ఉంది. నేను పోదామనేలోపే, “మీరు రాకున్నా నేను పోతుండె. నాకు పోలీసులొద్దు, పంచాయితొద్దు. ఆ మనిషి నా మొకం చూసి చెప్పాలె” అంది.

బస్సులో ఆమె భర్త గురించి చెప్పింది. సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో పడిపోయిందట. కెమెరాలు అమ్మాడు, ఫొటోలు కడిగే యంత్రం అమ్మాడు, చివరికి స్కూటరు కూడా. “గీ డబ్బ మాత్రం ముట్టనియ్యలే. ఎందుకని అడిగితె, అది నాది కాదు అన్నడు. మరెవలదంటె చెప్పడు. ఇరవై ఏండ్లు, మేడం. మనిషి మంచోడే గని ఎంత సతాయించిండో” అంది. ఇద్దరం ఒకే జబ్బుతో బాధపడ్డవాళ్లలా కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మక్తల్‌లో అరుగు మీద బీరప్ప ఎప్పటిలాగే ఉన్నాడు. మమ్మల్ని చూసి లోపలికి వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. కిష్టయ్య సారు సుగుణమ్మను చూసి లేచి నిలబడ్డాడు. స్నేహితుడు పోయినప్పుడు పరామర్శకు కూడా రాలేదని ఆమె దారిలోనే చెప్పింది. సారు తమ్ముడి వైపు తిరిగాడు.

“బీరప్పా, గొర్ల కాడికి పోయి రాపో.”

“గొర్ల కాడ నా కొడుకున్నడు. నేనెందుకు?” అన్నాడు బీరప్ప, కదలకుండా.

“పో అంటే పో.”

“ఈ మేడం వచ్చినప్పుడల్లా నన్ను చూసి గొంతు తగ్గిస్తవు. నేనేమన్న నీ నాణేలు మింగుతనా?”

అప్పటికి గాని నాకు వెలగలేదు. ఇన్నేళ్లూ ఆయన గొంతు తగ్గించినప్పుడల్లా అరుగు వైపు చూసింది, ఆ మాట తమ్ముడి చెవిన పడకూడదని. నేను చూసింది నాణేలనే గాని ఆ ఇద్దరి మొహాలు ఎప్పుడూ చూడలేదు.

సుగుణమ్మ ఆగలేదు. నా సంచిలోంచి తక్కెడ తీయమంది. డబ్బాలో రూపాయి తీసి దాని మీద పెట్టింది. “అన్నా, నాది నేను తూచిన. ఇగ నీది పెట్టు. నాది నకలైతె ఇక్కన్నే పారేసి పోత. నా మొగని మీద మాట మాత్రం ఉండొద్దు.”

కిష్టయ్య సారు చట్రం వైపు చూశాడు. లేవలేదు. నేను వెళ్లి దించలేదు, ఆయన చేత్తోనే జరగాలని ఆగాను. కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు. చివరికి సుగుణమ్మ కాళ్ల వైపు చూస్తూ చెప్పాడు.

“నీది అసల్దే అమ్మా. ఇది నకలు. నేనే చేపిచ్చిన.”

తర్వాత మెల్లగా మొత్తం చెప్పాడు. ఇరవై రెండేళ్ల కిందట ఒక వానాకాలం నీలి నాలుక రోగం వచ్చి బీరప్ప మందంతా పది రోజుల్లో పోయింది. మిగిలినవి నాలుగు. బీరప్ప మంద లేని మనిషై, తిండి మానేసి, గొంగడి కప్పుకుని పడుకున్నాడు. అన్న దగ్గర రూపాయి తీసుకునే మనిషి కాదు. మాస్టారు ఉద్యోగం వచ్చినప్పుడు ఇంటి భాగాల దగ్గర ఏదో మాట పడి, నీ జీతం సొమ్ము నాకొద్దని తమ్ముడు ఒట్టు పెట్టుకున్నాడట. కిష్టయ్య సారు నారాయణపేట రూపాయిని రామచంద్రానికి అమ్మాడు. ఆ డబ్బుతో ఒక గొర్ల వ్యాపారి చేత, సగం పాలుకని చెప్పించి, తమ్ముడికి కొత్త మంద ఇప్పించాడు. ఆ వ్యాపారి తర్వాత పాలు అడగనే లేదు. బీరప్ప అది తన అదృష్టం అనుకున్నాడు. అమ్మేముందు ఒక అవుసలాయనతో, అంటే కంసాలితో, పోత పోయించి, ఆ నకలును చట్రంలో పెట్టాడు. చట్రం ఖాళీగా కనిపిస్తే తమ్ముడు అడుగుతాడని.

“రామచంద్రంకు ఒక్కటే మాట చెప్పిన. నేను బతికుండంగ దాన్ని బయటికి తియ్యకు అని. గట్లనే అన్నడు” అన్నాడు సారు.

అమ్మకానికి ఎందుకు ఒప్పుకున్నాడో, ఎందుకు మానుకున్నాడో కూడా నేను అడిగాను. అడిగే సమయం కాదు గానీ ఏడేళ్ల చిరాకు నాది. మిగతా నాణేలు అమ్మాలనే అనుకున్నాడట. కానీ నేను వచ్చి తమ్ముడి ముందే ఆ రూపాయి అడిగేసరికి, అది ఇవ్వనంటే ఎందుకని తమ్ముడు అడుగుతాడు, ఇస్తే నా తక్కెడ పట్టేస్తుంది. ఒప్పుకుంటూ, వాయిదా వేస్తూ వచ్చాడు. ప్రదర్శనల్లో కప్పులు కూడా ఆ నకలు మీదే తీసుకున్నానని, అది మాత్రం తన తప్పేనని తనంతట తానే చెప్పాడు.

బీరప్ప అంతా విన్నాడు. అతను ఏడుస్తాడని గాని, అన్నను పట్టుకుంటాడని గాని అనుకుంటే పొరపాటు. లేచి గొంగడి దులుపుకున్నాడు.

“ఇరవై ఏండ్ల సంది మా అన్న సొమ్ము నేను తినలేదని ఊరందరికి చెప్పుకుంట తిరిగిన. ఊరంత నవ్వుతుండె కావచ్చు” అని వెళ్లిపోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

సుగుణమ్మ భర్త మీద కోప్పడింది. “ఒక్క మాట, ఒక్క మాట నాతోటి చెప్తె ఏం పోతుండె? నేనేమన్న డప్పు కొట్టి చాటుతుంటినా?” అని పోయిన మనిషిని నిలదీసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, కాగితం తీయమంది.

నేను చెప్పిన మాటలను కిష్టయ్య సారు డ్రాయింగ్ మాస్టారు దస్తూరీతో పొందికగా రాశాడు. నాణెం తాను ఎవరి దగ్గర కొన్నదీ, ఎప్పుడు ఎవరికి అమ్మిందీ, తన దగ్గరున్నది నకలు అన్నదీ. పాత చీటీ దానికి జతపరిచాడు. సంతకం పెట్టి కలం మూసి నా వైపు చూశాడు.

“ఇగ సంబరమేనా బిడ్డా? అడిగినవు, అడిగినవు, ఆఖరికి తీపిచ్చినవు.”

నాకు కూడా కోపం వచ్చింది. ఏడేళ్లలో ఒక్కసారి నన్ను పక్కకు పిలిచి నిజం చెప్పి ఉంటే ఆ రూపాయి మాటే ఎత్తకుండా మిగతావి అమ్మించేదాన్ని కదా అన్నాను. ఆయన, “చెప్పొచ్చు అనుకుంటె చెప్తుండె” అన్నాడు. నకలు మీద మా నియమం ప్రకారం ‘నకలు’ అని చిన్న ముద్ర కొట్టాలి, ఇస్తారా అని అడిగాను. ఇవ్వనన్నాడు. అక్కడ కూడా మొండికేశాడు. వదిలేశాను.

హైదరాబాద్ వచ్చి నా తప్పును నేనే రాతపూర్వకంగా విభాగాధిపతికి ఇచ్చాను. పాత పుస్తకంలో ఇచ్చిన బరువు తూచి రాసింది కాదు, ఫొటోలోని నాణేనికీ అప్పట్లో చూపించిన నాణేనికీ తేడా ఉంది, బాధ్యత నాది అని. ఆయన చదివి, విరమణ ముందు ఇదంతా ఎందుకమ్మా అన్నాడు. తర్వాతి వేలం పుస్తకంలో సవరణ వేయించాను. రెండో మెమో వచ్చింది. అది న్యాయమే కాబట్టి మొదటిదాని మీద వచ్చినంత కోపం దీని మీద రాలేదు. ఆ వేలంలోనే సుగుణమ్మ రూపాయి పోయింది. ఆమె మిషను కొన్నది. ఫోను చేసి, జరీ దారం పదేపదే తెగుతోందని, అమ్మినవాళ్లు ఫోను ఎత్తడం లేదని నాకు ఫిర్యాదు చేసింది.

కిష్టయ్య సారు నెల తిరక్కుండానే మిగతా నాణేలన్నీ పంపించాడు. నేను అడగలేదు. దాచాల్సింది పోయాక వాటిని పట్టుకుని ఉండటానికి ఆయనకు కారణం లేకపోయిందనుకుంటాను. పట్టీలో ఒక్కటి కూడా తక్కువ లేదు. అన్నదమ్ములు రెండు నెలలు మాట్లాడుకోలేదనీ, తర్వాత గొర్ల మందులు తేవాల్సిన పని మీద మళ్లీ మాటలు కలిశాయనీ తెలిసింది. మునుపటిలా కలిశాయా అంటే నేను చెప్పలేను. నేను మళ్లీ మక్తల్ వెళ్లలేదు.

చివరి పనిగా రిజిస్టరు సరిదిద్దాను. కిష్టయ్య సారు పేరుకు ఎదురుగా నలభై ఏళ్ల పైన అని ఉన్నదాన్ని కొట్టేసి, ఇరవై అయిదు అని రాశాను. రామచంద్రం సేకరణదారే కాదు కాబట్టి ఆయన పేరు రిజిస్టరులో లేదు. కొత్త వరుస గీసి, ఇరవై అని రాశాను. ఆయన నాణేల మీద మోజుతో ఉంచుకోలేదు, ధర పెరుగుతుందని ఉంచుకోలేదు. ఆ కారణం రాయడానికి మా రిజిస్టరులో గడి లేదు.

నా తర్వాత ఆ పనిలోకి వచ్చినవాళ్లకు రెండు మాటలు చెప్పి వచ్చాను. ఒకటి, ఎంత పెద్దమనిషి అయినా, ఏ పేరుతో పిలిచినా, చేత్తో తూచని నాణేనికి బరువు రాయకండి. మర్యాదకని నేను వదిలేసిన రెండు నిమిషాల పని, ఏ తప్పూ లేని మనిషిని దొంగను చేసే దాకా తెచ్చింది. రెండోది, ఎన్నేళ్లుగా ఉంచుకున్నారని సేకరణదారును అడగకండి, ఆ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు. మధ్యలో ఇది ఎవరి చేతికైనా వెళ్లిందా అని అడగండి. అడిగేటప్పుడు గదిలో ఇంకెవరున్నారో చూసుకోండి.